గుప్పెడు బియ్యం గోడ

ఉదయగిరి దుర్గం మీద నాకు పేరు తెలియని రాయి లేదు. గుండు కానీండి, బండ కానీండి, చెప్పులో దూరే గులకరాయి కానీండి, ఎదురుగా పెట్టి అడిగితే ఇంటిపేరుతో సహా చెబుతాను. ప్రైవేటు బస్సులో కండక్టరుగా ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య తిరిగినన్నాళ్ళూ ఈ మాట ప్రతి ప్రయాణికుడికీ చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. కాదనాలంటే కొండెక్కి చూసి రావాలి. మా ఎండల్లో ఎవరెక్కుతారు?

ఆ ఏడు ఈస్టరు పండుగ వెళ్ళిన వారంలో, ఎక్కే మనిషి ఊళ్ళో దిగింది.

బస్టాండులో నేను రోజూ కూర్చునే టీకొట్టు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. వీపున పెద్ద సంచీ, నెత్తిన గుడ్డ టోపీ, నడుముకు ఒక చిన్న సుత్తి. దుర్గానికి దారి చూపే మనిషి ఎవరైనా దొరుకుతారా అని టీకొట్టాయన్ని అడుగుతోంది. ఆయన నా వైపు చూడకుండా ఉండటానికి చాలా అవస్థ పడ్డాడు పాపం. నేనే లేచాను.

"నేనుండా గదమ్మా. వరప్రసాదం అంటారు నన్ను. ఆ కొండ మీద నాకు పేరు తెలవని రాయి లేదు."

"నిజంగానా తాతా?"

"కావాలంటే ఈ టీకొట్టాయన్ని అడుగు."

ఆయన అప్పటికే లోపలికి పోయి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్నాడు.

ఆ అమ్మాయి పేరు మేఘన. ఆత్మకూరులో ధాన్యం కొట్టు శెట్టిగారి మనవరాలు. తిరుపతిలో భూగర్భ శాస్త్రం చదివి అక్కడే పరిశోధన చేస్తోందట. మా వెలిగొండలు ఎట్లా పుట్టాయో, పాతకాలం రాతి కట్టడాల్లో ఏ రాయి ఎందుకు నిలబడుతుందో, ఏ రాయి ఎందుకు చెడిపోతుందో తేల్చడం ఆమె పని. వానలు మొదలయ్యేదాకా ఉండటానికి ఒక గది కావాలంది. మా ముందుగది ఖాళీ. కొండ కిందున్న మా పాలేనికి వెంటబెట్టుకుని వచ్చాను.

మా ఇంటిది లిదియమ్మ చేట పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏం చెప్పి తీసుకొచ్చినాడు పాపా ఈయన నిన్ను?"

"కొండ మీద రాళ్ళన్నీ తెలుసన్నారవ్వా."

"ఈయనకి మా ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో తెలవదు. సరే, వచ్చినావు గదా, కాళ్ళు కడుక్కో. ఏం తింటావు?"

మేఘన నీచు ముట్టదట. ఆ పూట నుంచి మా ఇంట్లో ఎండుచేప వాసన కూడా లేకుండా పోయింది. ఆ వేసవిలో నాకు జరిగిన మొదటి నష్టం అదే.

ఎండ ముదరక ముందే కొండ ఎక్కడం మొదలుపెట్టేవాళ్ళం. తొలిరోజు నేను ధారాళంగా పేర్లు చెప్పాను. ఇది ఏనుగు గుండు, అది నవాబు తలగడ, ఆ వంపులో ఉన్నది దొరసాని బండ. పూర్వం ఒక దొరసాని గుర్రంతో సహా ఆ బండ మీంచి జారిందనీ, కింద పడేలోగా మూడు కీర్తనలు చరణాలతో సహా పూర్తిచేసిందనీ కూడా చెప్పాను. మేఘన నవ్వకుండా విని, బండ మీద సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టుకుంది. నేను పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు ఇంకో దారిన ఎక్కుతూ ఒక రాతి దగ్గర ఆగింది.

"దీని పేరేంటి తాతా?"

"ఇదా? కోడిపుంజు గుండు. పూర్వం ఒక పుంజు..."

"కొంచెం ఇటు పక్కకు రండి."

పోయి చూస్తే ఆమె సుద్ద గుర్తు.

"మొన్న ఇది దొరసాని బండ" అంది.

"పెళ్ళయి ఇంటిపేరు మారిందిలేమ్మా" అన్నాను.

అప్పుడు నవ్వింది, కూర్చుండిపోయి మరీ. నేనూ కూర్చున్నాను. ఇక దాచి లాభం లేదు గనుక మీకూ చెప్పేస్తున్నాను. ఆ కొన దాకా నేను ఎక్కింది బడిలో ఉన్నప్పుడు పంతులుగారు తరిమితే ఒకసారి, కొత్తగా పెళ్ళయినప్పుడు లిదియమ్మ పందెం కడితే ఇంకోసారి. నా మిగతా జ్ఞానమంతా దుర్గం కింది వాకిలి నీడలో కూర్చుని బీడీలు కాలుస్తూ సంపాదించింది. ఈ మాట చెబితే మేఘన నన్ను మానేసి ఇంకెవరినైనా చూసుకుంటుందనుకున్నాను. ఆమె లేచి దుమ్ము దులుపుకుని, "పేర్లు మీరు పెడుతూ ఉండండి తాతా, వయసు నేను చెబుతాను" అంది.

అట్లా కుదిరింది మా ఒప్పందం.

ఒక తెల్లబండ మీద చెయ్యి పెట్టి నిమరమంది. అలలు అలలుగా గీతలు తగిలాయి. సముద్రపు ఒడ్డున నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే ముడతల్లాంటివి.

"ఇది సముద్రపు ఇసుకే తాతా. గట్టిపడి రాయయింది."

"నోవహు జలప్రళయం నాటిదా?"

"ఇంకా చాలా చాలా పాతది. అప్పటికి చేపలు కూడా పుట్టలేదు."

"అయితే మా ఇంట్లో ఈ ఎండాకాలం లాగే ఉండిందన్నమాట" అన్నాను.

కొండ దిగువన ఇంకో రకం రాయి చూపించింది. నల్లగా, పొరలు పొరలుగా, ఎండ పడితే కాకిబంగారం మెరుస్తూ ఉంటుంది. ఇసుక గట్టిపడితే తెల్లరాయి అయినట్టే, ఒకప్పటి బురద గట్టిపడితే ఇది అయిందట. తూర్పున ఉన్న నేల పడమటి నేల మీదికి నెట్టుకుంటూ వచ్చి, ఆ ఒత్తిడికి కొండలు లేచాయట. ఆ నెట్టుడులో నలిగి, మడతలు పడి, ఆ బురద ఇట్లా పొరలు తేలిందట. మేఘన గోటితో ఒక పొర లేపి నా అరచేతిలో పెట్టింది.

"దీనికి వానంటే భయం లేదు. తడిసి ఆరిపోతే ఏమీ కాదు. తడిసి ఆరకపోతేనే కష్టం" అంది. దుర్గం గోడల్లో అదే నల్లరాయి సున్నపు అతుకుల మధ్య చెక్కుచెదరకుండా ఉండటం చూపించింది. నేను తల ఊపాను. తల ఊపినంత మాత్రాన బుర్రకెక్కినట్టు కాదు గదా.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక లిదియమ్మే ఆమెను గుడి చూపించడానికి పిలుచుకుపోయింది.

మా పాలెంలో గుడి అంటే రాతి చర్చి. కరువు నాళ్ళలో మిషన్ దొరలు పనికి గింజలిచ్చి కట్టించారని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అడుగు వరసలు నల్లరాయి, పైవి తెల్లరాయి, నడుమ గానుగ సున్నం. నా చిన్నప్పుడు ఆ రాళ్ళు కనబడేవి. ఇప్పుడు కనబడవు. నేల నుంచి కిటికీల దాకా చుట్టూ సిమెంటు పూత. దాని మీద గులాబీ రంగు.

ఆ పూత లిదియమ్మది. ఆమెదంటే స్త్రీల సమాజానిది, సమాజానికి పెద్ద ఆమె. మా ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు, పోయబోయే బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. దేవుని కుండ అంటారు దాన్ని. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతుంది. పంటలు ఎండిన ఏళ్ళు కూడా ఆ గుప్పెడు ఆగలేదు. పిల్లల కంచాల్లో తగ్గింది గానీ కుండలో తగ్గలేదు. అట్లా ఎన్నో ఏళ్ళు కూడబెట్టిన బియ్యం సిమెంటయింది. పూత పని అయిన రోజు ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి, గోడకు అరచేతులు ఆనించి ప్రార్థన చేశారు. లిదియమ్మ ఆనాడు ఏడ్చినంత మా పెళ్ళిలో కూడా ఏడవలేదు.

ఏం లాభం? పూత వేసిన తర్వాతే గోడ కారడం మొదలైంది. దక్షిణపు గోడ పొట్ట మాదిరి ఉబ్బింది. సంఘపెద్ద డేవిడ్‌రాజు సారు, రిటైరైన హెడ్మాస్టరు, కిందటి కార్తీక వానల్లో గొడుగు వేసుకుని గుళ్ళో కూర్చున్నాడు. వాన వెలిశాక సంఘాన్ని కూర్చోబెట్టి తీర్మానం చేయించాడు. ఈసారి వానకు గోడలోంచి చుక్క కారినా సరే, పడగొట్టి టైల్సు పరిచిన స్లాబు గుడి కడతారు. లిదియమ్మ దానికి ఎదురు చెప్పలేదు. మా వరండాలోకి సిమెంటు మూటలు దింపించింది. రోహిణి కార్తె పోయేలోగా పాతపూత మీద ఇంకో పూత. అది ఆమె జవాబు.

మేఘన గోడ పొడుగునా నడుస్తూ సుత్తి మొనతో మెల్లగా తడుతోంది. పైన తెల్లరాయి మీద ఖంగున మోగింది. కింద పూత మీద డొబ్ డొబ్‌మంది. ఫోను లైటు వేసి ఒక పగులు లోపలికి చాలాసేపు చూసింది.

"ఎట్టా ఉండాది పాపా మా పూత?" అని అడిగింది లిదియమ్మ. పక్కనే కొంగు బిగించి నిలబడి ఉంది.

"బాగా... మందంగా వేశారవ్వా."

"దేవుడి గోడకి పలచన చేస్తామా?"

మరునాడు కొండ మీద మేఘన సుత్తి బయటకు తీయలేదు. కింది వాకిలి దగ్గరే చతికిలబడింది. నేను నవాబు తలగడ కథ ఎత్తుకుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతా, ఆ గోడ లోపలంతా తడి. నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, అది ఎప్పుడూ ఉండేదే. పూర్వం సున్నపు అతుకుల్లోంచి బయటికి పోయేది. పూత వేశాక దారి మూసుకుపోయింది. రోహిణి కార్తెలో మనిషికి రగ్గు కప్పి కుట్టేసినట్టు. అడుగున నల్లరాయి ఏళ్ళ తరబడి నానుతోంది. పొరలు విచ్చుకుంటున్నాయి."

"ఇంకో పూత వేస్తే?"

"వచ్చే వానలు దాటదు."

"తీసేస్తే?"

"తీసేసి, ఈ ఎండలకు గోడను ఆరనిచ్చి, మళ్ళీ సున్నంతో అతుకులు నింపితే నిలబడుతుంది. కానీ ఈ ఎండ ఉండగానే చెయ్యాలి."

"మరింకేం, లిదియమ్మకు చెప్పు."

ఆమె బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. "వచ్చిన రోజే నాకు ఆ బియ్యం కుండ చూపించింది తాతా. పూటకోసారి అందులో చెయ్యి పెడుతుంది, ఆ చేత్తోనే నాకు వడ్డిస్తుంది. ఆ మాట నా నోటితో ఎట్లా చెప్పను? మీరు చెప్పండి."

నేను! అబద్ధమైతే అక్కడి నుంచే కేకేసి చెప్పేవాణ్ణి. నిజం చెప్పడం నాకు అలవాటు లేని పని. చెప్పకపోతే ఆమె తన చేతులతోనే ఆ గోడను పడేసుకుంటుంది. చెబితే ఆ కుండ ముఖం ఎట్లా చూస్తుంది?

అక్కడి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. మంచం మీద కూర్చుంటే వరండాలోకి పోవాలనిపించేది. వరండాలోకి పోతే ఆ సిమెంటు మూటలు నన్నే చూస్తున్నట్టుండేది. బస్టాండుకు పోతే టీ చప్పగా ఉండేది. ఒకరోజు ఏ పనీ లేకుండా ఆత్మకూరు బస్సెక్కి, డిపో దగ్గర దిగి, ఒక సోడా తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. ఇంటికొచ్చేసరికి లిదియమ్మ గుమ్మంలో ఉంది.

"యాడికి పోయినావు?"

"ఆత్మకూరుకి."

"ఎందుకు?"

"రావడానికి."

"ఎండ దెబ్బ తగిలినట్టుండాది ఈయనకి" అని మజ్జిగ తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం నాకు చేతనైన పద్ధతిలో చెప్పి చూశాను. "పూర్వం ఒక రాజు ఉండినాడు లిదియా. ఆయనకొక గుర్రం. ప్రాణం దానంటే. రత్నాలు కుట్టించిన రగ్గొకటి నేయించి దాని వీపున కప్పినాడు. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. ప్రేమ కొద్దీ రగ్గు తీయనీయడు..."

"గుర్రం చచ్చిందా?"

"చచ్చింది."

"వాడికి బుద్ధి లేదు. లేచి తొట్లో నీళ్ళు నింపు."

మేఘన తన గదిలోంచి నా వైపు చూసి తల దించుకుంది.

ఆ మాటల మధ్యలోనే ఎస్తేరమ్మ వచ్చింది. స్త్రీల సమాజంలో లిదియమ్మకు కుడిచెయ్యి. "అక్కా, కలిగిరి బేల్దారి పూత పనికి సోమవారం వస్తానన్నాడు. ఇసుక కూడా చెప్పేసినా" అని ఒక కేకేసి పోయింది. ఇక కథలు చెప్పే వ్యవధి లేదు.

పొద్దున లిదియమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఎదురుగా పోయి కూర్చున్నాను.

"లిదియా, ఆ పూత మన గోడను చంపతా ఉండాది."

"నిన్న గుర్రం, ఇయ్యాళ గోడ." చేట ఆపలేదు.

"కథ గాదు. లోపల రాయంతా నానిపోయింది. తీసేయకపోతే పడిపోద్ది."

"ఎవురు చెప్పినారు?"

"ఆ పాప."

"ఆ పాప నాకు నోరు తెరిచి చెప్పలేదే?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయింది."

చేట ఆగింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క నిజం చెప్పినావా నువ్వు నాకు? పెళ్ళిచూపులకొచ్చి ఆ బస్సు నీదేనన్నావు. మా నాయన నమ్మి కోడిని కోసినాడు."

"అప్పుడు చెప్పలా. ఇప్పుడు చెబతా ఉండా."

నవ్వుతుందనుకున్నాను. నా ముఖంలోకి చూసింది. తర్వాత నా భుజం మీదుగా ముందుగది గుమ్మం వైపు చూసింది. అక్కడ మేఘన తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కాదని మాత్రం అనలేదు.

లిదియమ్మ లేచింది. ఎసరు మరుగుతోంది. బియ్యం కడిగి ఎసట్లో పోసింది, మూత పెట్టింది. చెయ్యి దేవుని కుండ వైపు పోలేదు. నా పెళ్ళయింది మొదలు నేను చూడనిది అదే.

తర్వాత ఆమె మాతో మాట్లాడలేదు. కోపం కూడా చూపించలేదు, అదొక బాధ. వేళకు వడ్డించేది. తను ఎప్పుడు తిన్నదో తెలిసేది కాదు. ఉతికిన బట్టలే ఉతికింది, ఊడ్చిన వాకిలే ఊడ్చింది. మేఘన ఒకసారి "అవ్వా..." అని దగ్గరికి పోతే, "మజ్జిగ పులిసిందా పాపా?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి పోయింది. ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురమూ లేచి తిరుగుతూనే ఉన్నాం, ఒకరికొకరు తగలకుండా.

ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ళందరూ తెచ్చిన గుప్పెళ్ళు బుట్టలో పోశారు. లిదియమ్మ ఖాళీ చేతులతో పోయి ఖాళీ చేతులతో వచ్చింది. ఎస్తేరమ్మ నన్ను చూసి ఏంటన్నట్టు చెయ్యి తిప్పింది. నేను పైకప్పు చూశాను.

సోమవారం కాకులు అరవక ముందే పక్కన మంచం ఖాళీగా ఉంది. వంటింట్లో పచ్చడిబండ లేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పోయాను.

లిదియమ్మ గుడి తలుపు పక్క నుంచి మొదలుపెట్టి, మోకాలి ఎత్తున, వేలి కణుపులతో గోడను తట్టుకుంటూ వస్తోంది. తట్టి చెవి పెడుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు చూసినట్టు. డొబ్. ఒక అడుగు. డొబ్. ఇంకో అడుగు. దక్షిణపు మూల దాకా అట్లాగే వచ్చింది.

"ఏంది దొంగ మాదిరి నిలబడినావు? ఇటు రా."

పోయాను. పగులున్న చోట పచ్చడిబండతో ఒకటేసింది. కంచమంత ముక్క ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

క్రిస్మస్ వెళ్ళాక మా వైపు చినుకు లేదు. పాలెం బోరు ఉమ్మినట్టు పోస్తోంది. అటువంటి రోజుల్లో, ఆ పూత వెనక రాయి ఇప్పుడే నీళ్ళు పోసి కడిగినట్టు నల్లగా, తడిగా ఉంది. లిదియమ్మ అరచెయ్యి ఆనించింది. తీసేటప్పటికి రాయి పొరలు చేతికి అంటుకుని వచ్చాయి, పాలల్లో నానిన రొట్టె మాదిరి. అరచేతి నిండా కాకిబంగారం మెరుస్తోంది.

అది చాలాసేపు చూసుకుంది. తుడుచుకోలేదు.

"ఎస్తేరును పిలుచుకురా. సుత్తులు తెమ్మను, అందర్నీ రమ్మను."

"బేల్దారి వస్తాడు గదా..."

"బేల్దారెందుకు? వేసింది మేము."

ఆ రోజు నుంచి పొద్దున, సాయంత్రం, ఎండ చల్లబడ్డ వేళల్లో ఆడవాళ్ళు పూత ఊడదీశారు. లిదియమ్మ సంగతి చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు ఏడ్చారు, ఒకామె లిదియమ్మను తిట్టి పోయింది, మరునాడు అందరికన్నా ముందు సుత్తి తెచ్చింది ఆమే. రాయికి దెబ్బ తగలకుండా ఉలిని ఏటవాలుగా ఎట్లా పట్టుకోవాలో మేఘన ఒక్కొక్కరి చెయ్యి పట్టి చూపించింది. పని సాగేకొద్దీ నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకచోట పూత ఎంతకీ రాకపోతే ఎస్తేరమ్మ ఉలి కింద పెట్టి, "ఇది మా అత్త బియ్యమే అక్కా. బతికినప్పుడూ ఇంతే, ఒకపట్టాన వదిలేది గాదు" అంది. లిదియమ్మ నవ్వింది. ఆ నవ్వు విని నేను నీళ్ళ బిందె కింద పెట్టి కాసేపు కూర్చున్నాను.

డేవిడ్‌రాజు సారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు.

"పడగొట్టడం మీరే మొదలుపెట్టినారే లిదియమ్మా!"

"పడగొట్టడం గాదు సారూ. ఉక్కపోతగా ఉంటే చొక్కా విప్పినాం."

"తీర్మానం గుర్తుండాది గదా? చుక్క కారిందంటే..."

"కారినప్పుడు చూద్దాం. ఆ సిమెంటు మూటలు మీ ప్రహరీకి పనికొస్తాయేమో, మనిషిని పంపండి."

గోడ ఒంటి మీద గుడ్డ లేకుండా రోహిణి కార్తె అంతా ఎండలో నిలబడింది. మొదట తెల్లగా ఉప్పు పూసింది. ఆడవాళ్ళు ఈతాకు చీపుళ్ళతో దులిపారు. మళ్ళీ పూసింది, మళ్ళీ దులిపారు. రాయి రంగు నలుపు నుంచి బూడిదకు తిరిగాక సున్నం నానబెట్టి, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి దంచారు. బాగా చెడిన రాళ్ళకు బదులు అదే రకం రాళ్ళు కొండ దిగువన మేఘన ఏరిపెట్టింది. అతుకులు నింపి తడి గోనెలు కప్పారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, ఎసరు మరిగే వేళకు, దేవుని కుండలో బియ్యం పడిన చప్పుడు మంచం మీంచి విన్నాను. ఏమీ అనలేదు. అంటే మళ్ళీ ఆగిపోతుందేమోనని.

వాన మృగశిరలో వచ్చింది. ఆదివారం, ఆరాధన మధ్యలో. ముందు దుమ్ము లేచింది, తర్వాత తలుపులు కొట్టుకున్నాయి, తర్వాత కొండ కనబడకుండా పోయింది. పాట పాడుతున్నవాళ్ళు పాట ఆపలేదు గానీ కళ్ళన్నీ గోడ మీదే ఉన్నాయి. డేవిడ్‌రాజు సారు లేచి, చెయ్యి గోడకు ఆనించుకుంటూ దక్షిణపు మూల దాకా నడిచాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. పొడి.

"కార్తీక వానలు ఇంకా ఉండాయి" అన్నాడు.

"ఉండనీండి" అంది ఎస్తేరమ్మ.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి లిదియమ్మ లేచి, మగవాళ్ళ వరసలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. వంగి, నాకు మాత్రమే వినబడేటట్టు, "నిజం చెప్పినావయ్యా నువ్వు" అంది.

ఇదిగో, ఇక్కడ ఆగాలి నేను. దొరసాని, కోడిపుంజు లాంటివాటి సంగతి మీరు ముందే పట్టేసి ఉంటారు, వాటికి నేను జవాబుదారీ కాదు. ఈ ఒక్క మాట మాత్రం చెప్పాలి. లిదియమ్మ ఆ మాట అనలేదు. అది నేను కల్పించింది. అంటే బాగుండునని అప్పట్నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో, అనుకుని అనుకుని రాసేశాను. ఆమె లేచి నా దగ్గరికి వచ్చిన మాట నిజం. వంగిన మాట నిజం. అన్నది ఇది:

"ఏంది అట్టా కూర్చున్నావు? తూర్పు కిటికీ కింద కారతా ఉండాది. ఆ సారు చూసేలోగా పోయి అడ్డం కూర్చో."

చూస్తే కిటికీ చెక్క సందులోంచి సన్నగా నీళ్ళు దిగుతున్నాయి. అది చెక్క తప్పు, గోడ తప్పు కాదని మరునాడు మేఘన చూసి చెప్పింది. ఆ సంగతి ఆ వేళ మాకెవరికి తెలుసు? నేను పోయి ఆ తడికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. డేవిడ్‌రాజు సారు అటే వస్తున్నాడు.

"ఏం ప్రసాదం, కింద కూర్చున్నావు?"

"నడుము పట్టేసింది సారూ. ఇట్టా కూర్చోండి, ఈ నడుము ఎట్టా పట్టేసిందో చెబతా. కావలి దారిలో ఒకసారి బస్సు చక్రం ఊడి మాకన్నా ముందు పోయింది..."

ఆయన కూర్చున్నాడు. వాన వెలిసేదాకా చక్రాన్ని ఆపలేదు నేను. చొక్కా వీపంతా తడిసి చలేసింది. అటు ఆడవాళ్ళ వరసలో లిదియమ్మ, నేను చెప్పే ప్రతి అబద్ధానికీ తల ఊపుతూ, నవ్వు బయటపడకుండా పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇది మాత్రం కల్పించింది కాదు.